మైల్డ్ హైబ్రిడ్, స్ట్రాంగ్ హైబ్రిడ్, ప్లగ్-ఇన్, ఈవీ: ఏది ఎవరికి పనికొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రోజూ ఓ యాభై కిలోమీటర్లు తిరుగుతారు, అప్పుడప్పుడు దూరప్రయాణం ఉంటుంది. కారు కొందామని అడిగితే మైల్డ్ హైబ్రిడ్, స్ట్రాంగ్ హైబ్రిడ్, ప్లగ్-ఇన్, రేంజ్ ఎక్స్‌టెండర్, ఈవీ అని ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తున్నారు, వీటి మధ్య అసలు తేడా ఏంటి, ఏది తీసుకోవాలి అన్నారు. దాంతోపాటు ఇంకో మంచి అనుమానం కూడా పెట్టారు: ఇంజిన్ నేరుగా చక్రాన్ని తిప్పొచ్చు కదా, దాంతో ముందు కరెంటు తయారుచేసి, మళ్లీ ఆ కరెంటుతో మోటారు తిప్పితే మధ్యలో నష్టమే కదా, మరి పెట్రోలు ఎలా ఆదా అవుతుంది? ఈ అనుమానం తీరితే మిగతా తేడాలన్నీ వాటంతటవే తేలిపోతాయి, అందుకని అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు సూటిగా జవాబు. రాత్రి మీ బండి ఆగే చోట ప్లగ్ ఉంటే ఈవీ (పూర్తిగా బ్యాటరీ కరెంటుతోనే నడిచే కారు) తీసుకోండి. లేకపోతే స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకోండి, అంటే పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉండి, బయటి ఛార్జింగ్ అక్కర్లేకుండానే అప్పుడప్పుడు మోటారు ఒక్కటే లాగగలిగే బండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (బయటి నుంచి కూడా ఛార్జింగ్ పెట్టుకునే హైబ్రిడ్) మంచి బండే, కానీ ప్రతి రాత్రీ ఛార్జింగ్ పెట్టేవాళ్లకే. మైల్డ్ హైబ్రిడ్‌ని పెట్రోలు కారుగానే లెక్కేసుకోండి. హైడ్రోజన్‌ని సొంత కారు విషయంలో ఇప్పటికి పక్కన పెట్టేయొచ్చు. నేను చాలా ఏళ్లుగా హైబ్రిడ్లు, ఈవీల రిపేరు పనిలోనే ఉన్నాను. బండి నచ్చక బాధపడినవాళ్లని గమనిస్తే, బండిలో లోపం కంటే తమ వాడకానికి సరిపడని రకం కొనుక్కున్నవాళ్లే ఎక్కువ కనిపించారు.

పేర్లు కంపెనీకో రకంగా ఉంటాయి, వాటిని పట్టుకుంటే తల తిరుగుతుంది. ఏ బండి చూసినా మూడు విషయాలు అడగండి. బయటి నుంచి ఛార్జింగ్ పెట్టే సాకెట్ ఉందా? ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మోటారు ఒక్కటే బండిని లాగగలదా? ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య గేర్లూ షాఫ్టులూ ఉన్నాయా, లేక వైర్లు మాత్రమే ఉన్నాయా? ఈ మూడింటికీ జవాబు దొరికితే అది ఏ రకమో మీకు తెలిసిపోయినట్టే, బ్రోషర్‌లో ఏం రాసున్నా సరే.

ఇక మీ అనుమానం. పెట్రోలు ఇంజిన్ అన్ని వేళలా ఒకే ఎఫిషియెన్సీతో (పెట్రోల్లోని శక్తిలో ఎంత పనికొస్తుందన్న లెక్క) పనిచేయదు, ఇదే కీలకం. మామూలు కారు చదునైన రోడ్డు మీద 50 వేగంతో నిలకడగా పోవడానికి చక్రాల దగ్గర కావాల్సింది మూడు నుంచి ఐదు కిలోవాట్లే. బానెట్ కింద ఉన్న ఇంజిన్‌ది డెబ్బై, ఎనభై కిలోవాట్ల శక్తి. అంత పెద్ద ఇంజిన్‌ని అంత చిన్న పనికి వాడితే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు) దాదాపు మూసుకుని ఉంటుంది, ఆ సన్నటి సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజిన్ బోలెడు శక్తి ఖర్చు పెడుతుంది, లోపలి రాపిడి ఎలాగూ తప్పదు. అలాంటప్పుడు పెట్రోల్లోని శక్తిలో చక్రానికి చేరేది 15, 20 శాతమే. అదే ఇంజిన్‌కి తగినంత లోడు ఇస్తే 35 శాతం పైకి వెళ్తుంది. నాలుగో తరం ప్రియస్ ఇంజిన్ అత్యధికంగా 40 శాతం అందుకుంటుందని టొయోటా చెప్పింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంజిన్‌ని దానికి అనువైన లోడు దగ్గర 36 శాతంతో నడిపించి జనరేటర్ తిప్పాం అనుకుందాం. జనరేటర్, ఇన్వర్టర్ (కరెంటుని మోటారుకి సరిపడేలా మార్చే పెట్టె), మోటారు అన్నీ కలిపి ఓ ఇరవై శాతం తినేశాయి అనుకుందాం. చక్రానికి చేరింది 29 శాతం. సిటీలో ఇంజిన్ నేరుగా చక్రాన్ని తిప్పినప్పుడు వచ్చింది 18 శాతం. మధ్యలో నష్టం ఉన్నా, ఇంజిన్‌ని మంచి లోడులో నడిపినందుకు వచ్చిన లాభం అంతకంటే ఎక్కువ. పైగా బ్యాటరీలో తగినంత ఉంటే ఇంజిన్ పూర్తిగా ఆగిపోతుంది. ఆగి ఉన్న ఇంజిన్ చుక్క పెట్రోలు కూడా తాగదు.

అదే హైవే మీదకి వెళ్లండి. 100, 110 వేగంలో గాలి నిరోధం వల్ల ఇంజిన్‌కి ఎలాగూ మంచి లోడు పడుతుంది, నేరుగా గేర్ల ద్వారా ఇస్తే 33 శాతం దాకా చక్రానికి చేరుతుంది. అక్కడ కరెంటుగా మార్చి మళ్లీ తిప్పితే మీరన్నట్టు నష్టమే. అంటే మీ అనుమానం హైవే మీద నిజం, సిటీలో నిజం కాదు. హైబ్రిడ్ తయారీలో కంపెనీల మధ్య తేడాలన్నీ ఈ ఒక్క సమస్యని ఎవరు ఎలా పరిష్కరించారన్న దాంట్లోనే ఉన్నాయి.

నిస్సాన్ ఈ-పవర్ (2016లో జపాన్‌లో నోట్ కారుతో మొదలైంది) పూర్తిగా వైర్ల దారి. ఇంజిన్ ఎప్పుడూ చక్రాన్ని తాకదు, జనరేటర్‌ని మాత్రమే తిప్పుతుంది. నడపడానికి అచ్చం ఈవీలా హాయిగా ఉంటుంది, సిటీలో మైలేజీ బాగుంటుంది, హైవేలో ఆ లాభం కరిగిపోతుంది. హోండా రెండు మోటార్ల హైబ్రిడ్‌లో సిటీ వేగాల్లో అదే పద్ధతి. వేగం అందుకున్నాక మాత్రం ఒక క్లచ్ కలుపుకుని ఇంజిన్ నేరుగా చక్రాన్ని తిప్పుతుంది, టాప్ గేరు లాంటి ఒకే రేషియోతో. గేర్‌బాక్స్ అక్కర్లేదు, రెండు చోట్లా లాభమే. నాకు ఇది చాలా తెలివైన డిజైన్ అనిపిస్తుంది.

టొయోటాది మూడో దారి, 1997లో మొదటి ప్రియస్ నుంచీ మూల సూత్రం అదే. ఒక ప్లానెటరీ గేరు సెట్టు ఉంటుంది. మధ్యలో చిన్న సన్ గేరు, దాని చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్లు, బయట పెద్ద రింగు గేరు. ప్లానెట్లని మోసే క్యారియర్‌కి ఇంజిన్, సన్ గేరుకి జనరేటర్, రింగుకి పెద్ద మోటారూ చక్రాలూ. మొదటి రెండు తరాల ప్రియస్‌లో రింగుకి 78 పళ్లు, సన్‌కి 30. ఇంజిన్ టార్క్‌లో (తిప్పే బలంలో) దాదాపు 72 శాతం నేరుగా రింగు ద్వారా చక్రాలకి పోతుంది, మిగతా 28 శాతం జనరేటర్ వైపు. విప్పిన సెట్టు బల్ల మీద పెట్టుకుని, రింగుని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని క్యారియర్‌ని ఒక్క చుట్టు తిప్పితే సన్ గేరు మూడున్నర చుట్లకి పైగా గిర్రున తిరుగుతుంది. బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ బ్యాటరీని ఛార్జ్ చేయగలుగుతోందంటే లోపల జరిగేది ఇదే: చక్రాలతో పాటు రింగు ఆగి ఉంటుంది, జనరేటర్ తిరుగుతుంటుంది. ఆ జనరేటర్ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటే గేర్లు మార్చినట్టే. మామూలు గేర్‌బాక్స్‌లో అరిగే క్లచ్ ప్లేట్లు ఇందులో లేవు, బెల్టు లేదు, విడిగా స్టార్టర్ మోటారు కూడా లేదు, జనరేటరే ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తుంది. ఈ బండ్లు టాక్సీలుగా అన్నేళ్లు ఎలా తిరుగుతున్నాయని అడిగేవాళ్లకి నేను ఈ గేరు సెట్టే చూపిస్తాను.

బ్రేకు వేసినప్పుడు తిరిగొచ్చే కరెంటు గురించి చాలామందికి అతి ఆశ ఉంటుంది, అది కూడా లెక్కలో చూద్దాం. టన్నున్నర బండి 60 వేగంలో ఉన్నప్పుడు దానిలో ఉన్న చలన శక్తి దాదాపు 0.06 యూనిట్ (కిలోవాట్ అవర్) మాత్రమే. అందులోనూ వెనక్కి వచ్చి మళ్లీ చక్రానికి చేరేది మూడింట రెండొంతులు అనుకోవచ్చు. సిటీలో వందసార్లు ఆగుతాం కాబట్టి అన్నీ కలిస్తే పెద్ద మొత్తమే అవుతుంది. ఒక్కోసారి వచ్చేది చిన్న మొత్తం కాబట్టే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి ఒకటి, ఒకటిన్నర యూనిట్ల బ్యాటరీ సరిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం అది చాలదు. అదే బండి 300 మీటర్ల ఎత్తు దిగితే 1.2 యూనిట్ల శక్తి వస్తుంది, చిన్న బ్యాటరీ సగం దారిలోనే నిండిపోతుంది, ఆ తర్వాత ఇంజిన్ బ్రేకింగ్ మీద దిగాలి. దిగేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా మోగితే ఏదో పాడైందని కంగారు పడి ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. పాడవలేదు, బ్యాటరీ నిండింది కాబట్టి పెట్రోలు లేకుండానే ఇంజిన్‌ని తిప్పి వేగాన్ని ఆపుతోంది.

మైల్డ్ హైబ్రిడ్ సంగతి త్వరగా తేల్చేద్దాం. బెల్టుతో ఇంజిన్‌కి తగిలించిన పెద్ద ఆల్టర్నేటర్ లాంటి మోటారు, 12 లేదా 48 వోల్టులు, 48 వోల్టుల రకమైతే పది పదిహేను కిలోవాట్లు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి మెత్తగా స్టార్ట్ చేస్తుంది, పికప్‌లో కాస్త తోడు పడుతుంది. చాలావరకు ఈ బండ్లలో మోటారు ఒక్కటే బండిని లాగలేదు, ఇంజిన్ మీద ఆధారం తప్పదు. చెడ్డదేం కాదు, స్టార్టింగ్ హాయిగా ఉంటుంది, కానీ హైబ్రిడ్ అనే పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కాగితం మీద అన్నిటికన్నా తెలివైన బండి ఇదే: పది నుంచి ఇరవై యూనిట్ల బ్యాటరీతో రోజువారీ తిరుగుడంతా కరెంటు మీద, దూరం వెళ్తే పెట్రోలు. మీ యాభై కిలోమీటర్లకి చక్కగా సరిపోతుంది కూడా. కానీ 2021లో యూరప్‌లో రిజిస్టర్ అయిన ప్లగ్-ఇన్ బండ్ల నుంచి తీసిన వాడకం లెక్కలు 2024లో యూరోపియన్ కమిషన్ బయటపెట్టింది. ల్యాబ్‌లో చూపించిన కార్బన్ డయాక్సైడ్ కంటే రోడ్డు మీద వచ్చింది సగటున మూడున్నర రెట్లు. కారణం పెద్ద రహస్యమేం కాదు, జనం అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టడం లేదు. ఛార్జింగ్ పెట్టని ప్లగ్-ఇన్ అంటే వందల కిలోల అదనపు బరువు మోసే పెట్రోలు కారు. స్ట్రాంగ్ హైబ్రిడ్ దీనికంటే నయం.

రెండో వైపు కూడా ఒక ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. పూర్తిగా కరెంటు మీదే తిరిగే ప్లగ్-ఇన్‌లో ఇంజిన్ ఎప్పుడో గట్టిగా తొక్కినప్పుడో, హీటర్ వేసినప్పుడో చల్లగా స్టార్ట్ అయి ఒకటి రెండు నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఆయిలు వేడెక్కే లోపే ఆగిపోవడం వల్ల సిలిండర్ గోడల మీద నుంచి జారిన పెట్రోలు, చెమ్మ ఆయిల్లోనే ఉండిపోతాయి. అలాంటి ఒక బండికి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు మట్టం పై గీత కంటే పైకి ఉంది, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా పలచగా ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. కిలోమీటర్లు చూస్తే సర్వీసుకి ఇంకా చాలా దూరం ఉంది. ప్లగ్-ఇన్ వాడేవాళ్లు ఆయిలు మార్చడం కిలోమీటర్లని బట్టి కాకుండా నెలల్ని బట్టి చేయించండి, అప్పుడప్పుడు ఇంజిన్‌ని బాగా వేడెక్కేదాకా హైవే మీద నడపండి. షెవర్లే వోల్ట్ తయారుచేసినవాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు, అందుకే వారాల తరబడి ఇంజిన్ నడవకపోతే దానంతటదే కాసేపు నడిచేలా, ట్యాంకులో పెట్రోలు మరీ పాతదైతే దాన్ని కాల్చేసేలా ప్రోగ్రాం పెట్టారు.

రేంజ్ ఎక్స్‌టెండర్ అంటే పెద్ద బ్యాటరీ ఉన్న ఈవీకి చిన్న జనరేటర్ జోడించడం. ఆలోచన కొత్తది కాదు, 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే లోహ్నర్ కంపెనీలో పెట్రోలు ఇంజిన్లతో కరెంటు తయారుచేసి చక్రాల్లోని మోటార్లు తిప్పే బండి చేశాడు. బీఎండబ్ల్యూ ఐ3లో 647 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు, మాజ్డా 2023లో చిన్న రోటరీ ఇంజిన్‌తో ఒకటి తెచ్చింది. ఇలాంటిది చూసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: జనరేటర్ ఆగకుండా ఎన్ని కిలోవాట్లు ఇవ్వగలదు? అది పాతిక చుట్టుపక్కలే అయితే, బ్యాటరీ అయిపోయాక పొడవాటి ఎత్తు ఎక్కేటప్పుడు బండి నెమ్మదించిపోతుంది, వెనక లారీలు హారన్ కొడతాయి. అలాంటి దారి ఉందనుకుంటే ముందే బ్యాటరీలో కాస్త దాచుకునే మోడ్ వేసుకోవాలి.

ఇప్పుడు ఈవీ. లీటరు పెట్రోల్లో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. వంద కిలోమీటర్లకి ఆరు లీటర్లు తాగే కారు నిజానికి 54 యూనిట్లు ఖర్చు పెడుతోంది. అదే సైజు ఈవీకి 15 యూనిట్ల చుట్టుపక్కల చాలు. ఈ తేడా మోటారుది, వేరే మాయ లేదు. బ్యాటరీ నుంచి చక్రానికి వచ్చే దారిలో పోయేది తక్కువ, ఎంత చిన్న లోడులోనైనా మోటారు ఎఫిషియెన్సీ ఇంజిన్‌లా కుప్పకూలిపోదు. అందుకే ఇంజిన్ ఎక్కడ దారుణంగా ఉంటుందో, అంటే ట్రాఫిక్‌లో, అక్కడే ఈవీ రాజ్యం.

మీ విషయంలో లెక్క: యాభై కిలోమీటర్లకి ఏడెనిమిది యూనిట్లు. 16 ఆంపియర్ల మామూలు ప్లగ్ నుంచి మూడు కిలోవాట్ల దాకా వస్తుంది, దారిలో పోయేది కలుపుకున్నా రాత్రి మూడు గంటల పని. ఇంటి ఛార్జింగ్‌కి పెద్ద ఛార్జరే కావాలని చాలామంది టెన్షన్ పడతారు, ఇంత తిరుగుడుకి అవసరం లేదు. కానీ ఆ ప్లగ్ మీద గంటల తరబడి పూర్తి లోడు పడుతుంది, గీజరులా పది నిమిషాల్లో ఆగిపోదు. మొదటి రోజు గంట ఛార్జింగ్ అయ్యాక ప్లగ్ పైభాగాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి సాకెట్, వైరు రెండూ మార్పించండి. లోపల లూజు కాంటాక్టుతో నల్లగా మాడి కరిగిన సాకెట్లు నేను చూశాను. ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాకే మొదలుపెట్టండి.

బ్యాటరీ రసాయనం గురించి రెండు మాటలు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ అదే బరువుకి తక్కువ శక్తి పట్టుకుంటాయి, కానీ ఎక్కువసార్లు ఛార్జ్ అవుతాయి, వేడికి మరింత తట్టుకుంటాయి. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ మందగిస్తుంది. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్స్ తేలిక, రేంజ్ ఎక్కువ, రోజూ వందకి నింపి ఉంచితే త్వరగా ముసలివైపోతాయి, 80 దగ్గర ఆపడం మంచిది. ఎల్ఎఫ్‌పీని మాత్రం కంపెనీ చెప్పినట్టు అప్పుడప్పుడు వందకి నింపాలి. దాని వోల్టేజీ ఛార్జ్‌తో పాటు పెద్దగా మారదు, అంచనా తప్పిపోయి మీటరు ఇరవై శాతం చూపిస్తూనే హఠాత్తుగా పడిపోవచ్చు. రసాయనం కంటే ముందు చూడాల్సింది బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఉందా లేదా అన్నది. 2010లో వచ్చిన మొదటి నిస్సాన్ లీఫ్‌కి అది లేదు, ఎండ ఎక్కువున్న చోట్ల దాని కెపాసిటీ త్వరగా తగ్గిపోవడం అందరికీ తెలిసిన కథే.

దూరప్రయాణంలో ఈవీకి శత్రువు వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, 100 నుంచి 120కి వెళ్తే 44 శాతం ఎక్కువ. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఛార్జ్ 10 నుంచి 80 శాతం దాకా చకచకా ఎక్కుతుంది, ఆ పైన నత్తనడకే, కాబట్టి వంద అయ్యేదాకా కూర్చోకుండా 80 దగ్గర బయల్దేరండి. మామూలు 400 వోల్టుల వాటితో పోలిస్తే 800 వోల్టుల బండ్లలో అదే శక్తికి కరెంటు సగం చాలు, వైర్లలో వేడి నాలుగో వంతుకి తగ్గుతుంది. హ్యుందాయ్ ఐయోనిక్ 5 తగిన ఛార్జర్ దొరికితే 10 నుంచి 80కి 18 నిమిషాలు అంటుంది. తగిన ఛార్జర్ మీ దారిలో ఉందో లేదో కొనకముందే మ్యాపులో చూసుకోండి. ఆ ఛార్జర్ లేని దారిలో 800 వోల్టులకి అదనంగా డబ్బు పెట్టడం దండగ.

హైడ్రోజన్ కారు (టొయోటా మిరాయ్, 2014) నిజానికి ఈవీయే, హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి ఫ్యూయల్ సెల్ కరెంటు తయారుచేస్తుంది, పక్కన చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, 700 బార్ ఒత్తిడికి కుదించి, మళ్లీ కరెంటుగా మార్చేసరికి మొదట పెట్టినదాంట్లో మూడో వంతు కూడా చక్రానికి చేరడం కష్టం. అదే కరెంటు నేరుగా బ్యాటరీలోకి ఎక్కిస్తే దాదాపు ముప్పావు వంతు చేరుతుంది. నింపే స్టేషన్లు దొరకడం కూడా కష్టమే.

చివరగా, సెకండ్ హ్యాండ్ స్ట్రాంగ్ హైబ్రిడ్ చూస్తున్నానని కూడా రాశారు కాబట్టి ఇది తప్పకుండా చేయండి. చాలా మోడళ్లలో వెనక సీటు పక్కనో కిందో చిన్న జాలీ ఉంటుంది, బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ క్యాబిన్ గాలిని అక్కడి నుంచే పీలుస్తుంది. దాని మీద సంచులు పెట్టేస్తారు, లోపల దుమ్ము, సీటు నూలు, కుక్క వెంట్రుకలు చాపలా పేరుకుంటాయి. ఆ జాలీ తీసి చూస్తే పాత ఓనరు బండిని ఎలా వాడాడో తెలిసిపోతుంది. పూర్తిగా మూసుకుపోయి ఉంటే బ్యాటరీ ఎన్నో వేసవులు వేడిలో ఉడికిందని అర్థం, స్కానర్ పెట్టి ఒక్కో బ్లాకు (కొన్ని సెల్స్ కలిపిన గుంపు) వోల్టేజీ లోడులో ఎంత పడుతుందో చూడకుండా బేరం ఆడొద్దు. ఒక్క బ్లాకు మిగతావాటికంటే బాగా కిందకి జారిపోతుంటే దాని రోజులు దగ్గరపడ్డట్టే. 12 వోల్టుల చిన్న బ్యాటరీ వయసు కూడా అడగండి. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండా ఛార్జ్ ఉన్నా బండి రెడీ అవదు, ఈవీ అయినా హైబ్రిడ్ అయినా అంతే. హై వోల్టేజీ ఉండే నారింజ రంగు వైర్లు ఎక్కడ కనిపించినా మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు. పెద్ద బ్యాటరీ కనెక్షన్ తెంచే సర్వీస్ ప్లగ్ తీసినా ఇన్వర్టర్ కెపాసిటర్లలో కాసేపు ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది, మేము కూడా గ్లవ్స్ వేసుకుని, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, మీటరు పెట్టి సున్నా చూశాకే ముట్టుకుంటాం.